ఎండకు పెట్టిన కిట్లు

మైక్రోప్రాసెసర్ కిట్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే ముందు దాని రూపం చెప్పాలి. చిన్న సూట్‌కేసంత చెక్కపెట్టె. మూత తీస్తే ఆకుపచ్చ బోర్డు, దాని మీద బారులు తీరిన నల్లటి చిప్పులు. కింద కాలిక్యులేటర్‌కు ఉన్నట్టు మీటలు, పైన ఆరు అంకెలు చూపించే ఎర్ర దీపాలు. తెర లేదు. ప్రోగ్రామంతా అంకెల్లోకి మార్చుకుని ఒక్కొక్క మీటా నొక్కుతూ ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. మా వైపు కరెంటు ఎంత తరచుగా పోయేదో తెలిసినవాళ్ళకు ఆ కాలపు విద్యార్థుల ఓర్పు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కిట్లు బాగుచెయ్యడం నా ఉద్యోగం. ఎనభైల మధ్యలో తెనాలిలో ఒక సర్వీసు షాపులో చేరాను. తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె, ఎక్కడ కాలేజీ ల్యాబు ఉంటే అక్కడికి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పాసింజరు రైల్లోనో బస్సులోనో వెళ్ళేదాన్ని. వెళ్ళినచోటల్లా మొదటి ప్రశ్న ఒకటే: "ఇంజనీరు గారు రాలేదా అమ్మా?" నేనే ఇంజనీరునని చెబితే కాసేపు నా వెనకాల గుమ్మం వైపు చూసేవారు, ఇంకెవరైనా వస్తారేమోనని. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత నేనే "ఆయన చెప్పులు విప్పుకుంటున్నారండి" అనేదాన్ని.

ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. మా షాపులో ఉన్నవే రెండు పోస్టులు, యజమానిది ఒకటి, నాది ఒకటి. ఇప్పుడు ఎంబెడెడ్ బోర్డుల పనిలో చేరుతున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి అని. నాకు తెలిసింది చెబుతాను. ఎక్కువభాగం బాపట్ల కథే ఉంటుంది, ఎందుకంటే నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువభాగం అక్కడిదే.

బోర్డు మీద ఏముంటుంది

పుస్తకాలు ప్రాసెసర్‌తో మొదలుపెడతాయి. ప్రాసెసరే పాడైన కిట్‌ను మాత్రం నేను చాలా అరుదుగా చూశాను. రోగాలన్నీ దాని చుట్టుపక్కల వాటికే. ముందు పవర్ సప్లయ్ చూడాలి. అయిదు వోల్టులు నికరంగా రాకపోతే బోర్డు పూనకం వచ్చినట్టు ప్రవర్తిస్తుంది. తర్వాత క్రిస్టల్. బోర్డులో ప్రతి పనీ దాని తాళానికే నడుస్తుంది. మీటలనూ దీపాలనూ చూసుకోవడానికి వేరే చిప్పు ఉంటుంది. బయట మోటారునో ట్రాఫిక్ దీపాల బొమ్మనో నడపడానికి పోర్టులుంటాయి. పిల్లలు వైర్లు తప్పుగా తగిలించేది అక్కడే కాబట్టి పోర్టు చిప్పులు నా సంచీలో ఎప్పుడూ అదనంగా ఉండేవి. అన్నిటికంటే ముందు అరిగిపోయేది రీసెట్ మీట. ఏం చెయ్యాలో తోచని ప్రతివాళ్ళూ దాన్నే నొక్కుతారు. లెక్చరర్లు కూడా.

ఇక జ్ఞాపకం. మనం ఎక్కించే ప్రోగ్రాము రామ్‌లో ఉంటుంది, కరెంటుతోపాటే పోతుంది. కరెంటు పోయినా చెదరకుండా ఉండేది ఈప్రోమ్ అనే చిప్పు. ఏ మీట నొక్కారో గుర్తుపట్టడం, దీపాల్లో అంకెలు చూపించడం లాంటి పనులు చేసే మానిటర్ ప్రోగ్రామును కంపెనీవాళ్ళు అందులో రాసి పంపిస్తారు. ఆ చిప్పు నెత్తిన గుండ్రటి చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాంట్లోంచి అతినీలలోహిత కాంతి పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. మళ్ళీ కొత్తగా రాసుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. అందుకే రాయడం అయ్యాక ఆ గాజు మీద స్టిక్కరు అంటిస్తారు. చూడ్డానికి ధర చీటీలా ఉంటుంది. దాని విలువ తెలియనివాళ్ళకు అది పీకెయ్యాలనిపించడం సహజమే.

కోటేశ్వరరావు గారి పద్ధతి

మా యజమాని కోటేశ్వరరావు గారు రేడియోల కాలం మనిషి. ప్రాసెసర్ల గురించి ఆయన నేర్చుకున్నది కొంచెమే, అదీ నా వెనకాల నిలబడి చూస్తూ. కానీ రోగం కనిపెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "అమ్మాయ్ కరుణా, స్క్రూ విప్పే ముందు మనిషిని అడుగు. అది చెడిపోయినప్పుడు దాని ముందు ఎవరు కూచున్నారో వాళ్ళని అడుగు. వాళ్ళ మాట అయ్యాక మీటరు మాట విందాం" అనేవారు.

తెనాలిలోనే ఒక కాలేజీలో కిట్లన్నీ మధ్యాహ్నం కాగానే వాటంతటవే రీసెట్ అయ్యేవి. నేను చిప్పులు మార్చి మార్చి అలిసిపోయాను. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, పిల్లల్ని ఒక్క మాట అడిగారు: "మధ్యాహ్నం పూట పక్క గదిలో ఏం జరుగుద్ది బాబూ?" వెల్డింగు క్లాసు. రెండు గదులకూ ఒకే కరెంటు లైను. ఆ రోజు నుంచి నేను కూడా ముందు టీ ఇస్తారేమో అని చూడటం మొదలుపెట్టాను.

బాపట్ల

బాపట్లలో ఒక పాలిటెక్నిక్ ఉండేది. పేరు అనవసరం. అక్కడ ఎలక్ట్రానిక్స్ విభాగానికి శేషయ్య మాస్టారు పెద్ద. తెల్లని పంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఎప్పుడూ పసుపు రంగు తుడుపుగుడ్డ. కిట్లు తెప్పించడానికి ఆయన మేనేజ్‌మెంటు చుట్టూ ఎన్నేళ్ళు తిరిగారో కాలేజీలో అందరికీ తెలుసు. వచ్చాక వాటిని కన్నబిడ్డల్లా చూసుకున్నారు. ఇది పొగడ్తే, కానీ పూర్తిగా పొగడ్త కాదు. కిట్లను ముద్దుచేసి బీరువాలో దాచే పెద్దవాళ్ళను ఈ ఉద్యోగంలో చాలామందిని చూశాను. బీరువాలో ఉన్న కిట్ పాడవదు, నిజమే. ఎవరికీ ఏమీ నేర్పదు కూడా. మాస్టారు ఆ రకం కాదు. పిల్లల చేతికి ఇచ్చేవారు, ఇచ్చి పక్కనే నిలబడేవారు, వాళ్ళు మీట గట్టిగా నొక్కితే ఆయన మొహం నొప్పిగా పెట్టేవారు.

ఆయన రిటైరయ్యే సంవత్సరం ఫిబ్రవరి ఆఖర్లో కబురు వచ్చింది. కిట్లు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతున్నాయని. ఏప్రిల్లో ప్రాక్టికల్ పరీక్షలు.

నేను వెళ్ళేసరికి మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "చూడమ్మా కరుణా, ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా లేదు. అంతా ఆ నాగమణితోనే మొదలైంది."

నాగమణి ఆఖరి సంవత్సరం విద్యార్థిని. సూర్యలంక వైపు పల్లెకారుల కుటుంబం. తండ్రి పడవ మీద వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. జనవరిలో మొదటి కిట్ ఆగిపోయినప్పుడు దాని ముందు కూర్చున్నది ఆ అమ్మాయి. "సముద్రం ఒడ్డు నుంచి వస్తావు, చేతుల నిండా ఉప్పుతడి. ఆ చేతుల్తో పట్టుకుంటే ఇంకేం మిగులుద్ది?" అని మాస్టారు క్లాసందరి ముందూ అన్నారట. ఇంక ల్యాబులో కాలు పెట్టవద్దన్నారు. ఆయన నాతో ఇదంతా దాచకుండా చెప్పారు, తాను చేసింది సబబే అన్న నమ్మకంతో. ల్యాబుకు హాజరు లేకపోతే ప్రాక్టికల్ లేదు. ప్రాక్టికల్ లేకపోతే డిప్లొమా లేదు.

మనిషిని అడగాలి కదా. నాగమణి వరండా చివర మెట్ల మీద కూర్చుని ఉంది. క్లాసులకు వస్తోంది, ల్యాబు సమయంలో ఇలా బయట కూర్చుంటోంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు ఏమైంది నాగమణీ?"

"నేనేం చెయ్యలేదక్కా." ఆ మాట చాలామందికి చెప్పి చెప్పి అలవాటైపోయినట్టు ఉంది.

"నువ్వు చేశావని నేననలేదు. ఏం కనపడిందో చెప్పు."

అప్పుడు నా వైపు తిరిగింది. "పొద్దున బానే ఉందండి. గది వేడెక్కాక రీసెట్ నొక్కితే దీపాల్లో పిచ్చి గుర్తులొచ్చాయి. కాసేపు ఆపి పెడితే మళ్ళీ బాగైంది. ఇంకో వారానికి అసలు వెలగడమే మానేసింది. తడికి పోయిందైతే ఒక్కసారే పోద్ది కదక్కా? ఇలా వస్తా పోతా ఉంటదా?"

ఉండదు. ఆ ప్రశ్న మాస్టారు అడగాల్సింది. కోపంలో ఉన్న మనిషి ప్రశ్నలు అడగడు, ఎంత మంచివాడైనా. నాగమణి అప్పటికే చదువు మానేద్దామా అన్న ఆలోచనలో ఉంది. "ఇంట్లో ఏం చెప్పలేదక్కా. మా అమ్మకి తెలిస్తే మాస్టారి కాళ్ళ మీద పడుద్ది. చెయ్యని దానికి మా అమ్మ ఎందుకు పడాలి?" అంది.

ల్యాబులోకి వచ్చి మీటరు తీశాను. వోల్టులు బాగున్నాయి, క్రిస్టల్ బాగుంది. ప్రాసెసర్ పరుగెడుతోంది కానీ ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు ఒక్కచోటే తిరుగుతోంది. బల్ల మీద రెండే కిట్లున్నాయి. "మిగతావి ఏవండీ మాస్టారూ?"

ఆయన మొహం కాస్త విప్పారింది. "రా, చూపిస్తాను" అని మేడ మెట్లెక్కించారు.

మేడ మీద పాత పంచె పరిచి, దాని మీద కిట్లన్నీ మూతలు తీసి వరసగా పెట్టి ఉన్నాయి, వడియాలు ఎండబెట్టినట్టు. కాకులు రాకుండా చివర ఒక గొడుగు కూడా. "నవంబరు గాలివానకు కప్పు కారి అన్నీ తడిసినయ్యమ్మా. చిప్పుల మీద కాగితాలు బూజు పట్టి ఉంటే గోకేసి, స్పిరిట్‌తో తుడిచాను. అప్పట్నుంచి సెలవు రోజుల్లో నేనే వచ్చి ఎండకు పెడతన్నాను. సముద్రపు గాలి కదా, లోపల తేమ ఉండిపోద్ది. ఈమధ్య మరీ మొండికేస్తన్నాయని రోజూ పెడతన్నా."

నేను వంగి చూశాను. ఈప్రోమ్‌ల నెత్తిన గాజు కిటికీలు శుభ్రంగా, తళతళలాడుతూ ఆకాశం వైపు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా స్టిక్కరు లేదు. ఎండలో కూడా అతినీలలోహిత కాంతి ఉంటుంది. నెమ్మదిగా, పట్టుగా, లోపల రాసిందంతా ఎండ చెరిపేసింది. సగం చెరిగినప్పుడు పొద్దున పనిచేసి మధ్యాహ్నం మానేశాయి. మాస్టారు జబ్బు చేసిందనుకుని ఇంకాస్త ఎండ పెట్టారు.

ఆ పంచె అంచులు గాలికి ఎగరకుండా ఆయన నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. ఆ ఇటుకల్నే చూస్తూ, "ఒకసారి షాపుకెళ్ళి వస్తానండి, ముందు వీటిని లోపల పెట్టించండి" అని మాత్రం చెప్పి స్టేషనుకు వచ్చేశాను.

చెప్పడమా, మానడమా

తెనాలిలో కోటేశ్వరరావు గారు అంతా విని చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "తేమ వల్ల పోయినయ్యని చెప్పెయ్యమ్మా. పెద్దాయన ఇంకో నాలుగు రోజుల్లో దిగిపోతున్నాడు. ప్రాణంగా చూసుకున్న వాటిని తన చేత్తోనే చెరిపేశాడని ఎందుకు చెప్పడం?"

ఆయన దయ గల మనిషి. నాకూ అలాగే చెయ్యాలనిపించింది. కానీ తేమ అంటే ఆ తేమ ఎవరి చేతులదో మాస్టారు అప్పుడే తేల్చేశారు. "నాగమణి సంగతేంటండి మరి?" అన్నాను. ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. "అయితే నువ్వే వెళ్ళి చెప్పు. నా వల్ల కాదు" అన్నారు.

మీకు చెప్పదలచుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే. బోర్డు ఎందుకు చెడిందో చెప్పడం కూడా మన పనిలో భాగం. కారణం దాచి బాగుచేస్తే ఎవరో ఒకరు ఆ నింద మోస్తూనే ఉంటారు. చెప్పే తీరు వేరు. మాస్టారి గదిలో తలుపు దగ్గరగా వేసి, ఆయన పక్క కుర్చీలో కూర్చుని, ఈప్రోమ్ ఒకటి చేతిలో పెట్టి, ఆ గాజు కిటికీ ఎందుకుందో చెప్పాను. అంతవరకే చెప్పాను. మిగతాది ఆయనకు ఆయనే తెలుసుకున్నారు.

చాలాసేపు ఆ చిప్పును వేళ్ళ మధ్య తిప్పారు. కిట్ల గురించి అడుగుతారనుకున్నాను. "అయితే ఆ పిల్ల..." అని ఆగిపోయారు. తుడుపుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నారు. అంత పెద్దాయన అలా కూర్చుంటే నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మళ్ళీ ఎండలోకి

బతికించే దారి ఉంది. సగం చెరిగిన చిప్పు మీద కొత్తగా రాయకూడదు, పూర్తిగా చెరపాలి. అందుకు అతినీలలోహిత దీపం పెట్టె కావాలి. మా షాపులో లేదు. గుంటూరులో ఉన్నదాని ట్యూబు కాలిపోయింది. కంపెనీ వాళ్ళు కిట్లు పార్సిల్ చెయ్యమన్నారు, తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి.

"మాస్టారూ, మళ్ళీ ఎండకు పెట్టాలండి. ఈసారి కావాలనే" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు, ఎగతాళి చేస్తున్నానేమోనని. తర్వాత మొదటిసారి నవ్వారు. "అదొక్కటీ బానే చెయ్యగలనమ్మా."

చిప్పులన్నీ పీకి నల్లటి స్పాంజిలో గుచ్చి ఇచ్చాను. వారం పైనే, పొద్దున నుంచి సాయంత్రం దాకా, నీడ ఎటు జరిగితే దానికి ఎదురుగా స్పాంజి పెట్టిన పళ్ళెం జరుపుతూ ఆయన మేడ మీదే ఉన్నారు. మార్చి ఎండ. పాఠాలు కూడా మెట్ల గదిలోనే చెప్పారట. ఈలోగా ప్రిన్సిపాల్‌తో మాట్లాడి నాగమణి హాజరు సరిచేయించారు. క్లాసులో నిలబడి, "కిట్లు పాడుచేసింది నేను. ఆ అమ్మాయి కాదు" అని చెప్పారు. కానీ అది వినడానికి నాగమణి లేదు. అప్పటికి కాలేజీకి రావడం మానేసింది.

"వెళ్ళి చెప్పి రండి మాస్టారూ" అన్నాను.

"వట్టి చేతుల్తో ఏం వెళ్ళను? బాగుపడనీ" అన్నారు.

చెరిపాక మళ్ళీ రాయాలంటే చెడని ప్రోగ్రాము ఎక్కడో ఒకచోట దొరకాలి. అదే కంపెనీ కిట్లు రేపల్లెలో ఒక కాలేజీలో ఉన్నాయి. అక్కడ ల్యాబు చూసే విమల నా చిన్ననాటి స్నేహితురాలు, మేమిద్దరం మిషన్ స్కూల్లో మా నాన్న దగ్గరే లెక్కలు నేర్చుకున్నాం. "కిట్ బయటకి పంపనే, మా సార్ చంపేస్తాడు. నువ్వే వచ్చి ఇక్కడ ఏం చేసుకుంటావో చేసుకో" అంది. బాపట్ల బీరువాలో ఈప్రోమ్ రాసే కార్డు ఒకటి ఎవరూ కవరు కూడా విప్పకుండా పడి ఉంది. దాన్నీ చిప్పులనీ ఒళ్ళో పెట్టుకుని చెరుకుపల్లి మీదుగా బస్సెక్కాను. కార్డును విమల వాళ్ళ కిట్ పక్కన తగిలించి, ముందు ఒక్కో చిప్పూ నిజంగా ఖాళీ అయిందో లేదో చూశాను. రెండు మాత్రం మొండికేశాయి. మిగతావన్నీ తెల్లకాగితంలా ఉన్నాయి. బాపట్ల ఎండ పని పూర్తిగా చేసింది. రేపల్లె కిట్ తన దగ్గరున్న ప్రోగ్రామును ఒక్కో చిప్పులోకీ రాసింది. విమల ఆఫీసు నుంచి నల్లకాగితం తెచ్చి, కత్తిరించి, గాజుల మీద తనే అంటించింది.

సూర్యలంక దారి

మర్నాడు బాపట్లలో చిప్పులు గుచ్చి కిట్లు వెలిగించాం. దీపాల్లో అంకెలు రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు కొట్టలేదు. ఒక కిట్‌కు మూత వేసి, గడియ బిగించి, "ఇది బయటికి తీసుకెళ్తన్నాను" అని ప్రిన్సిపాల్‌కు చెప్పి వచ్చారు. ఆ కాలేజీ గేటు దాటి కిట్ బయటకు వెళ్ళడం అదే మొదటిసారి.

"ఆ పిల్లకి ల్యాబు పోయింది కదా. పరీక్ష దాకా ఇంట్లోనే నేర్చుకోనీ. నువ్వూ రామ్మా, తోడు" అన్నారు.

రిక్షాలో వెళ్ళాం. దారంతా కిట్ ఆయన ఒళ్ళోనే ఉంది. పల్లెలో ఇళ్ళ ముందు ఇసుకలో చేపలు ఎండుతున్నాయి. నాగమణి వాకిట్లో తట్ట ముందు కూర్చుని చేపలు కడుగుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. లోపలి నుంచి వాళ్ళమ్మ కంగారుగా వచ్చి, "రండి బాబూ, రండి" అంటూ మంచం వాల్చబోయింది.

మాస్టారు కూర్చోలేదు. వాకిట్లో మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడే చెప్పారు, తల్లీ కూతుళ్ళిద్దరికీ వినపడేలా. చిప్పు మీద గాజు గురించి, గోకేసిన కాగితాల గురించి, మేడ మీద పెట్టిన ఎండ గురించి. "నీ చేతుల్లో ఏ తప్పూ లేదమ్మా. ఎండకు పెట్టి చెడగొట్టింది నేను, మాటలు పడింది నువ్వు. పెద్దవాణ్ణి, చూసుకోకుండా అనేశాను. మనసులో పెట్టుకోకుండా పరీక్షకు రా తల్లీ."

నాగమణి ఆయన మొహం వైపు చూసింది, తర్వాత ఆయన చేతుల్లో ఉన్న పెట్టె వైపు చూసింది. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎండకి పాడవుద్దని మీరే చెబుతున్నారు, మళ్ళా ఎండలోనే నిలబెట్టారేంటి సార్ దాన్ని" అంది నాగమణి. "లోపలికి తీసుకురండి."

నల్లకాగితాలు అంటించి ఉన్నాయి, మూత గడియ వేసి ఉంది. ఆ ఎండకు దానికేమీ కాదని నాకు తెలుసు, మాస్టారికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

నాగమణి పెట్టె అందుకోవడానికి రెండు చేతులూ చాపింది. అంతలోనే ఆగి, నీళ్ళు కారుతున్న చేతుల్ని చూసుకుని, తుడుచుకోవడానికి ఓణీ చెంగు పట్టుకుంది.

"తుడవొద్దమ్మా. పట్టుకో" అని మాస్టారు కిట్‌ను ఆ తడి చేతుల్లోనే పెట్టారు.